రాత్రి ఏడు గంటల కరెంటు ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

ఎన్టీఆర్ గార్డెన్స్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ చుట్టుపక్కలే, హుస్సేన్ సాగర్ ఒడ్డున, నిజాం కాలంలో 1920లో పెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం ఉండేది. చెరువు పక్కనే ఎందుకు పెట్టారు? టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా చల్లార్చాలి కదా, దానికి.

నెలకి 300 యూనిట్లు కాలే ఇల్లు ఒకటి తీసుకుందాం. మన దేశపు బొగ్గయితే యూనిట్‌కి సుమారు 700 గ్రాములు కావాలి. నెలకి 210 కిలోలు. అందులో మూడో వంతు బూడిదే, అంటే 70 కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడింటికి కాస్త తక్కువ. యూనిట్‌కి మూడు లీటర్ల చొప్పున 900 లీటర్ల నీళ్లు. కార్బన్ డయాక్సైడ్ ఎంత లేదన్నా 270 కిలోలు. ఇవేవీ బిల్లులో కనబడవు.

అలాగని బొగ్గుని తీసిపారేయలేం. ముసురు పట్టినా, అర్ధరాత్రయినా అడిగినంత ఇస్తుంది. దాని జబ్బు వేరే: మొండితనం. చల్లారిన యూనిట్‌ని (కేంద్రంలోని ఒక బాయిలర్, టర్బైన్ జతని కూడా యూనిట్ అనే అంటారు) మళ్లీ వెలిగించాలంటే ఎనిమిది, పది గంటలు పడుతుంది, పైగా ముందు ఆయిల్ పోసి మండించాలి. లోడు, అంటే ఇచ్చే కరెంటు, పూర్తి సామర్థ్యంలో 55 శాతం కంటే దించితే చాలా బాయిలర్లలో మంట నిలకడగా ఉండదు. అందుకే మిట్టమధ్యాహ్నం సోలార్ పొంగిపొర్లుతున్నా బొగ్గు యూనిట్లని పూర్తిగా ఆర్పరు. ఆర్పితే సాయంత్రానికి అందుకోలేరు.

ఇప్పుడు మన మేడ మీదికి వద్దాం. మూడు కిలోవాట్ల సోలార్‌కి నీడ పడని 300 చదరపు అడుగులు చాలు. ఏడాది సగటున రోజుకి 12 యూనిట్లు వస్తాయి. కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. లెక్క బాగానే ఉంది. పాడయ్యేది చిన్నచిన్న చోట్ల. వాటర్ ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మూల మీద పడితే ఆ మూల ఒక్కటే కాదు, ఆ వరసలోని సెల్స్ (ప్యానెల్‌లోని చిన్న పలకలు) అన్నీ కరెంటివ్వడం మానేస్తాయి. ఎండ ముదిరితే ఎక్కువ కరెంటు వస్తుందనుకుంటాం, కానీ ఏప్రిల్‌లో ప్యానెల్ 65 డిగ్రీలకి కాగితే, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం చొప్పున 14 శాతం ఉత్పత్తి పోతుంది. దుమ్ము కడగడానికి మన బోరు నీళ్లు వాడితే తెల్లటి చారలు పేరుకుపోతాయి, తర్వాత గీకినా రావు. మంచి నీళ్లతో, తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి.

అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇంకొకటి. వీధిలో కరెంటు పోతే, మీ నెత్తిన ఎండ మండుతున్నా, మీ ఇంట్లోనూ పోతుంది! కంపెనీవాడు మోసం చేశాడనుకోకండి. సోలార్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కి, అంటే వీధి లైనుకి, కలిపే ఇన్వర్టర్ కావాలనే ఆగిపోతుంది. ఆగకపోతే, లైను ఆపేశారనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మీ కరెంటు కొడుతుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే వీధి లైను తెంపుకుని ఇంటి వరకు నడుపుతుంది, ఖర్చు బాగా పెరుగుతుంది.

రామగుండంలో రెండూ ఒకేచోట కనిపిస్తాయి: ఎన్టీపీసీకి 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం, దాని జలాశయం మీదే తేలుతున్న 100 మెగావాట్ల సోలార్. ఆ 100 మిట్టమధ్యాహ్నపు లెక్క. ఇరవై నాలుగు గంటల సగటు తీస్తే ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. రాత్రి ఏడింటికి సున్నా.

గాలి మరలు వానాకాలంలో బాగా తిరుగుతాయి, మిగతా నెలల్లో మొరాయిస్తాయి. గ్యాస్ కేంద్రాలు చిటికెలో అందుకుంటాయి, గ్యాసే దొరకదు. అణు విద్యుత్తుకి పొగ లేదు, కట్టేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఏడు గంటలకి నిజంగా ఆదుకునేది నీళ్లే. 2020 ఏప్రిల్ 5న దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలార్పినప్పుడు 31,000 మెగావాట్ల దాకా వాడకం కొద్ది నిమిషాల్లోనే పడిపోయింది. గ్రిడ్‌ని నిలబెట్టడంలో ముఖ్యపాత్ర జలవిద్యుత్ యూనిట్లదే. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు, వెనక్కి కూడా తిరుగుతాయి. చవక కరెంటున్నప్పుడు నీళ్లు పైకి తోడి, గిరాకీ వేళ కిందికి వదలొచ్చు. ఇలాంటి చోట తోడడానికి 100 యూనిట్లు పెడితే తిరిగొచ్చేది 75, 80. ఆ పోయేదాన్ని నేను నష్టమనను, సాయంత్రం కరెంటుకి కట్టే కిరాయి అంటాను.

ఇంట్లో అయితే కిరాయి లేకుండానే ఈ పని జరుగుతుంది. అపార్ట్‌మెంట్ సంపు మోటారు చాలాచోట్ల పొద్దున ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ వేస్తారు. వాచ్‌మన్‌కి చెప్పి, సోలార్ పొంగిపొర్లే పగలు పదకొండు, రెండు గంటల మధ్య వేయించండి. పై ట్యాంకు రాత్రికి సరిపోకపోతే నీళ్లు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ ఎంత మట్టానికి పెట్టారో ముందు చూడండి, సగానికే ఆగేలా వదిలేసిన ట్యాంకులు బోలెడు.