పాలమూరంత దేశం, పదో నంబరు జెర్సీ

(గ్రౌండ్. సాయంత్రం. కంకర తేలిన నేల మీద పిల్లల ఆట.)

నమస్తే. ఇది పాలమూరు. ఇక్కడ ఏ పిల్లగాణ్ణి అడిగినా ముందుండి గోల్ కొడతానంటాడు. మధ్యలో ఆడరా అంటే మొహం మాడ్చుకుంటాడు. అందుకే ఈ రోజు, క్రొయేషియా ఫుట్‌బాల్ జట్టులో పదో నంబరు జెర్సీతో మైదానం మధ్యలో ఆడిన లూకా మోడ్రిచ్ కథ.

ముందు ఒక లెక్క. 2011లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షల పైచిలుకు. యూరప్‌లోని క్రొయేషియా దేశమంతా కలిపినా, 2021 లెక్కల్లో 39 లక్షల లోపే. ఆ దేశం 2018లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ ఆడింది!

మోడ్రిచ్ 1985లో పుట్టాడు. 1991లో, క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తాతను చంపేశారు. ఈయనకు పెట్టింది ఆ తాత పేరే. ఇల్లు వదిలి జాదర్ పట్నంలో ఒక హోటల్లో తలదాచుకున్నారు. ఆ హోటల్ కార్ పార్కింగే అతని మొదటి గ్రౌండ్. బక్కపిల్లాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్బు తీసుకోలేదు. తర్వాత దినామో జాగ్రెబ్ క్లబ్బు, 2006లో జాతీయ జట్టు, 2008లో ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్, 2012లో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్.

(స్క్రీన్ మీద మైదానం బొమ్మ. మధ్యలో ఒక చుక్క.)

ఈ చుక్కే మోడ్రిచ్. బంతి ఇంకా డిఫెండర్ కాలి దగ్గరే ఉంది. ఇతను బంతిని చూడట్లేదు, గమనించారా? ఎడమ భుజం మీదుగా వెనక్కి ఒక చూపు, మళ్ళీ కుడివైపు ఒకటి. రద్దీలో బండి నడిపేవాడు అద్దం చూసుకున్నట్టు. బంతి కాలికి తగిలేలోపే ఎటు పంపాలో తేలిపోతుంది. మా వాళ్ళేమో బంతి అందాక తలెత్తుతారు. అప్పటికే ఇద్దరు మీద పడి ఉంటారు.

ఇక ఆ ప్రపంచకప్. 2018 జులై 1, డెన్మార్క్‌తో మ్యాచ్. స్కోరు 1-1. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవస్తుండగా క్రొయేషియాకు పెనాల్టీ. మోడ్రిచ్ కొట్టాడు, డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకెల్ పట్టేశాడు. కాసేపటికే షూటౌట్, అంటే రెండు జట్లూ వరసగా పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడం. మళ్ళీ అదే గోల్‌కీపర్, ఎదురుగా మళ్ళీ మోడ్రిచ్. నేనైతే కడుపునొప్పని కూర్చునేవాణ్ణి. అతను వెళ్ళి గోల్ కొట్టాడు. జట్టు 3-2తో గట్టెక్కింది.

ఫైనల్లో ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. కానీ టోర్నీలో ఉత్తమ ఆటగాడు మోడ్రిచే. మొత్తంలో కొట్టిన గోల్స్ ఎన్ననుకున్నారు? రెండే! పదేళ్ళుగా మెస్సీ, రొనాల్డో తప్ప ఎవరికీ దక్కని బాలన్ డోర్, అంటే ఏడాదిలో ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే అవార్డు కూడా ఆ ఏడాది ఇతనికే వచ్చింది.

(మళ్ళీ గ్రౌండ్. కెమెరా ఒక పిల్లాడి మీద.)

బంతి రాకముందే వెనక్కి చూడమని వీడికి చెప్పా. చూశాడు. ఈలోగా బంతి కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఏం కాదు, ఇంకో పాస్ వెయ్యరా వాడికి.