శనివారం సాయంత్రం ముల్లు గుచ్చుకుంటే

అందరికీ నమస్కారం. చిత్తూరులో ఇంతమంది పెద్దల ముందు ఏం మాట్లాడాలా అని ఆలోచించి, మా నాన్న కాలి సంగతే చెబుదామని వచ్చాను. ఈ హాల్లో షుగర్ ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు.

మాది పాకాల దగ్గర పల్లె. మామిడికాయల కాలం. ఒక శనివారం సాయంత్రం తోటలో నాన్నకు తుమ్మముల్లు దిగింది. ఇరవై ఏళ్ల షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆయనకు నొప్పే తెలియలేదు. రాత్రి కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ చూసింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత ఎరుపు, మధ్యలో నల్లటి చుక్క.

పీహెచ్‌సీలో ఓపీ ఎప్పుడో అయిపోయింది. తెల్లారితే ఆదివారం. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. మధ్యాహ్నానికి పాదం వాచి చెప్పు పట్టలేదు. చెప్పు పట్టీ కోసేసి, గుడ్డపీలికతో చెప్పును కాలికి కట్టుకుని టౌన్‌కు బస్సెక్కాడు నాన్న. క్యాజువాలిటీలో ఒక్కరే డాక్టరు. పక్క మంచం మీద యాక్సిడెంట్ కేసు. నాన్న కాలు ఒకసారి చూసి, "రేపు ఓపీకి రండి" అన్నారు. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. ప్రాణం పోతున్న మనిషిని వదిలి రమ్మని ఎలా అంటాం? సోమవారం చీటీకొక లైను, డాక్టరుకొక లైను, రక్తపరీక్షకొక లైను. రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ మూసేశారు. మంగళవారం సర్జన్ కట్టు విప్పి, "కాస్త ముందు రావాల్సిందమ్మా" అన్నారు. "వచ్చాం కదా సార్" అంది అమ్మ.

బొటనవేలు తీసేశారు.

ప్రాణం మీదికొస్తే 108 ఉంది, 2005 నుంచి ఎంతమందినో కాపాడింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాల్సిన వైద్యానికి. పగటిపూట పీహెచ్‌సీ ఉంది, మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒకటని లెక్క. ఊరి క్లినిక్ నుంచి ఈ-సంజీవని అనే వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడొచ్చు. మరి 108 పిలిచేంత పెద్దది కాక, రేపటిదాకా ఆగేంత చిన్నదీ కాని జబ్బుకు? చంటిబిడ్డ చెవిపోటు, మూత్రంలో మంట, మూడో రోజూ దిగని జ్వరం. కూలికెళ్లే మనిషి ఇంటికి చేరేదే చీకటి పడ్డాక. అప్పుడు తెరిచి ఉండేవి మందుల షాపు, ఆర్‌ఎంపీ, క్యాజువాలిటీ. డబ్బున్నవాళ్లు రాయవేలూరు, అంటే వెల్లూరు, ఆసుపత్రికి వెళతారు.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. ఉన్న ఆరోగ్య కేంద్రాల్లోనే కొన్ని, ఆదివారంతో సహా, రాత్రి తొమ్మిదిదాకా తెరవాలి. ఒక డాక్టరు, ఒక నర్సు, పుండు కడిగి కట్టు కట్టే సరంజామా, అక్కడికక్కడే షుగర్ పరీక్ష. మా నాన్నకు ఆ శనివారం కావాల్సింది అంతే. ఈ మాట మీ ఎమ్మెల్యేను, కలెక్టరును గట్టిగా అడగండి, గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి.

అది వచ్చేలోపు ఒక్క పని చేయండి. షుగర్ ఉన్నవాళ్ల కాలికి పుండైతే, ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గీత దాటిందా, చీము పట్టిందా, జ్వరం వచ్చిందా, ఆ రోజే వెళ్లండి. క్యాజువాలిటీలో "కాలి పుండు" అనొద్దు. "షుగర్ ఉంది, ఎరుపు పైకి పాకుతోంది, జ్వరం ఉంది" అని చెప్పండి. మేం అది చెప్పలేకపోయాం.

ఇప్పుడు అమ్మ రోజూ రాత్రి సెల్‌ఫోన్ లైటు వేసి, నాన్న రెండు పాదాలూ వేళ్ల సందుల్లోకి చూసిగానీ పడుకోదు.