స్టెప్నీ తీసేస్తే కారు పరిగెడుతుందా?

నమస్కారం, అందరూ బాగున్నారా? ఈ వీడియోకి కారణం మా బావమరిది. ఏడాది కిందట సెకండ్ హ్యాండ్‌లో ఓ స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. అప్పటినుంచీ ఒకటే ధ్యాస: బరువు తగ్గాలి, గాలిని చీల్చుకుంటూ పోవాలి. ముందు డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ తీసి ఇంట్లో మంచం కింద పెట్టాడు. తర్వాత డిక్కీ డోరుకి ఓ పెద్ద రెక్క బిగించుకున్నాడు.

మొన్న కవిటి నుంచి శ్రీకాకుళం వస్తుంటే కోటబొమ్మాళి దాటాక టైరు పంక్చర్. రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్. ఆ మంచం కింది స్టెప్నీని నా కారులో వేసుకుని వెళ్లాను. డిక్కీ తెరిస్తే ఏముందనుకున్నారు? రెండు బస్తాల కొబ్బరికాయలు, ఓ పనసకాయ! స్టెప్నీ బరువు మహా అయితే పదిహేను కిలోలు. అయినా కవిటి ఉండే కొబ్బరి తోటల సీమ ఉద్దానం వెళ్లినవాడు ఖాళీ డిక్కీతో వస్తాడా?

"నవ్వకు బావా. అసలు బరువు తగ్గిస్తే తేడా ఉంటుందా, ఉండదా? అది చెప్పు" అన్నాడు, నట్లు బిగిస్తూనే.

ఉంటుందిరా, బాగా ఉంటుంది. వెయ్యి కిలోల కారుకి 120 హార్స్‌పవర్ ఇంజిన్ ఉందనుకోండి. నిజంగా వంద కిలోలు తీసేయగలిగితే, పికప్‌లో అది 133 హార్స్‌పవర్ పెట్టినట్టే. పైగా ఇంజిన్ పవర్ పెంచితే బ్రేకులకి ఒరిగేదేమీ లేదు. బరువు తగ్గితే బ్రేకులు తక్కువ వేడెక్కుతాయి, మలుపులో టైర్ల మీద భారం తగ్గుతుంది. కానీ పదిహేను కిలోలంటే ఒకటిన్నర శాతం. తొమ్మిది సెకన్లలో వంద అందుకునే కారుకి అది సెకనులో ఏడో వంతు లోపే. స్టాప్‌వాచ్ నొక్కే వేలు అంతకంటే ఎక్కువ తప్పు చేస్తుంది.

ఇంకో తమాషా ఉంది. స్టెప్నీ తీసినవాడు, తిరిగే నాలుగు చక్రాలకీ పెద్ద సైజు బరువు రిమ్ములు వేయించాడు! డిక్కీలో ఉన్న కిలో ముందుకి మాత్రమే కదలాలి. చక్రం అంచున ఉన్న కిలో ముందుకీ కదలాలి, గిర్రున తిరగాలి కూడా. పికప్ తీసుకునేటప్పుడు అది దాదాపు రెండు కిలోల పెట్టు. పైగా గోతిలో పడినప్పుడు ఆ బరువును అదుపు చేయలేక సస్పెన్షన్ అవస్థ పడుతుంది. మన ఊరి రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక గాలి. దీని లెక్క వేరు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలవుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి గంటకి అరవై కిలోమీటర్ల వేగం మీద గాలి కోసం రెండున్నర హార్స్‌పవర్ చాలు. వంద మీద పదకొండో పన్నెండో. రెండొందల మీద తొంభై పైనే!

దీనికి బుగాటి వేరాన్ అనే సూపర్ కారు మంచి సాక్ష్యం. 2005లో 1,001 హార్స్‌పవర్‌తో గంటకి దాదాపు 407 కిలోమీటర్లు వెళ్లింది. 2010లో అదే కారుకి వచ్చిన సూపర్ స్పోర్ట్ మోడల్‌కి 1,200 ఇచ్చారు, 431 వచ్చింది. దాదాపు రెండొందల గుర్రాలు అదనంగా కడితే దక్కింది పాతిక కిలోమీటర్లు. బరువంటారా? వేరాన్ దాదాపు 1,900 కిలోలు. చదును రోడ్డు మీద టాప్ స్పీడ్‌కి బరువు పెద్ద అడ్డు కాదు, అక్కడ అసలు శత్రువు గాలే.

కానీ మన హైవే మీద కార్లకి లిమిట్ వంద. ఆ వేగంలో గాలి అడ్డుని పది శాతం తగ్గించినా మిగిలేది ఒక్క హార్స్‌పవర్. డీజిల్, పెట్రోల్ ఖర్చులో కాస్త కలిసొస్తుందేమో గానీ, సీట్లో కూర్చున్నవాడికి తెలియదు.

మరి ఆ రెక్క? రెక్క పని గాలిని తప్పించుకోవడం కాదు, గాలితో కారుని కిందికి నొక్కించడం. ఆ నొక్కుడికి బదులుగా అడ్డు పెరుగుతుంది. ఫార్ములా వన్ కార్లకి గాలి అడ్డు మన ఇంటి కార్ల కంటే ఎక్కువే. మలుపుల్లో పట్టు కోసం తెలిసే ఆ బేరం ఒప్పుకుంటారు. పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్ 2.7 అని 1972లో వచ్చింది. వెనకాల బాతు తోకలా చిన్న అంచు ఉండేది, వేగంలో వెనక భాగం తేలిపోకుండా. దాంతోపాటు రేకులు, అద్దాలు పల్చగా చేసి, వెనక సీట్లు పీకేసి, తేలిక మోడల్‌ని 960 కిలోలకి దించారు. అదీ బరువు తగ్గించడమంటే. మావాడి కారుని లాగేది ముందు చక్రాలు, రెక్క నొక్కేది వెనక చక్రాల్ని. అదీ ఎనభై మీద, పేరుకే!

స్టెప్నీ బిగించాక చూస్తే, పంక్చరైన చక్రానికి డిక్కీలో చోటు లేదు. ఒక కొబ్బరి బస్తా నా కారులోకి మారింది. నరసన్నపేట దాకా ముందు వెళ్తూ మాటిమాటికీ లైట్లు కొట్టాడు, "చూశావా బావా, ఇప్పుడు తేలిగ్గా పోతోంది" అన్నట్టు.

రేపు రెక్క విప్పేస్తాడట. డిక్కీ డోరుకి నాలుగు చిల్లులు మిగులుతాయి. వానకి నీళ్లు దిగకుండా వాటిని ఎలా మూయాలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి, మావాడు చదువుతాడు.