పుస్తకం మీద పడే వెలుతురెంత? పఠన మందిరానికి దీపాల లెక్క

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు నమస్కారం.

ఇల్లు కట్టించేవారు వంటగది ఏ మూలన ఉండాలో పదిమందిని అడుగుతారు గానీ, ఆ వంటగదిలో కూరగాయలు తరిగే గట్టు మీద ఎంత వెలుతురు పడాలో ఒక్కరినీ అడగరు. ఆ ప్రశ్న చివరకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ దగ్గరకు చేరుతుంది. గది గుమ్మంలో నిలబడి ఒకసారి పైకి చూసి, "రెండు ట్యూబులు చాలు సార్" అని ఆయన చెప్పేస్తాడు. ఆయన తప్పేమీ లేదు. చెప్పవలసిన మనం లెక్క వేసి చెప్పలేదు కాబట్టి ఆయన అలవాటు కొద్దీ చెప్పాడు. ఈ రోజు ఆ లెక్కను ఒకే ఒక గదికి పూర్తిగా వేసి చూపించాలని నా ఉద్దేశం.

ఆ గది ఒక జిల్లా కేంద్రంలోని పఠన మందిరం. ఉదయం దినపత్రికల కోసం పెద్దవారు వస్తారు. సాయంత్రం నుంచి రాత్రి దాకా పోటీ పరీక్షలకు చదువుకునేవారు బల్లలు వదలరు. కొన్నేళ్ల క్రితం నేను అక్కడికి వెళ్లినప్పుడు రెండు పొడవాటి గోడలకు నాలుగేసి చొప్పున ఎనిమిది పాత ట్యూబులైట్లు ఉన్నాయి, ఎనిమిదీ వెలుగుతున్నాయి. గోడ వైపు వీపు పెట్టి కూర్చున్నవారికి వెలుతురు వెనక నుంచి వస్తున్నందువల్ల వారి తల నీడ సరిగ్గా వారు చదివే పేజీ మీదే పడుతోంది. ఒక కుర్రాడైతే కుర్చీని అడ్డంగా తిప్పుకొని, పుస్తకాన్ని రెండు చేతులతో ట్యూబు వైపు ఎత్తి పట్టుకొని చదువుతున్నాడు. లక్స్ మీటరు బల్లల మీద పెట్టి చూస్తే సగటున 60 లక్స్ దాకా వచ్చింది. "అన్ని లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి కదండీ" అన్నారు అక్కడి ఉద్యోగి. నిజమే, ఆ మాటలో అబద్ధం లేదు. లైటు వెలగడం వేరు, పుస్తకం మీద వెలుతురు పడడం వేరు అన్న సంగతి మాత్రమే అందులో లేదు.

ఈ తేడాను చెప్పడానికే రెండు కొలమానాలు ఉన్నాయి. దీపం నుంచి అన్ని వైపులకూ కలిపి బయటకు వచ్చే కాంతి ప్రవాహాన్ని ల్యూమెన్లలో కొలుస్తాము. ఒక తలం మీద చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు పడ్డాయో చెప్పేది లక్స్. వాట్ ఈ రెండింటిలో ఏదీ కాదు, అది మీటరు రీడింగుకూ కరెంటు బిల్లుకూ సంబంధించిన మాట. "నలభై వాట్ల వెలుతురు" అనే మాట మన నోట ఇంకా నడుస్తూనే ఉంది గానీ, పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చిన చోట 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. వాట్లను బట్టి వెలుతురు ఊహించే రోజులు ఏనాడో పోయాయి.

కంటిని నమ్మి కూడా లాభం లేదు. నడివేసవి మధ్యాహ్నం ఆరుబయట సుమారు లక్ష లక్స్ ఉంటుంది. నిండు పున్నమి రాత్రి పావు లక్స్ ఉంటే గొప్ప. ఈ రెండింటి మధ్య ఉన్న లక్షల రెట్ల తేడాను మన కన్ను సర్దుకుపోతుంది, పున్నమి వెన్నెల్లో దారి కూడా కనిపిస్తుంది. అంతగా సర్దుకుపోయే కన్ను 60 లక్స్‌లోనూ పుస్తకం చదివిస్తుంది. కాకపోతే రెండు గంటల తరవాత తలనొప్పి రూపంలో దాని ఖరీదు వసూలు చేస్తుంది.

ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 3646, 1992లో వచ్చిన మొదటి భాగం, జవాబు చెబుతుంది. అది ఒక పనికి ఒకే అంకె ఇవ్వకుండా మూడు అంకెలు ఇస్తుంది. గ్రంథాలయంలో చదివే బల్లలకు 200, 300, 500 లక్స్. మామూలు పరిస్థితిలో మధ్య అంకె తీసుకోవాలి. పని సూక్ష్మమైనదైనా, కంటిచూపు తక్కువైనా పై అంకెకు వెళ్లాలి. ఈ మెట్లు ఒకదానికొకటి సుమారు ఒకటిన్నర రెట్లు ఉండడం యాదృచ్ఛికం కాదు, అంతకన్నా తక్కువ తేడాను మనిషి చెప్పుకోదగ్గ మార్పుగా గుర్తించలేడు. అందువల్ల 300 కావలసిన చోట 290 వచ్చిందని బాధపడనక్కరలేదు, 200 వస్తే మాత్రం ఒక మెట్టు దిగిపోయినట్టే. మన గదికి 300 తీసుకుందాము.

గది పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, వైశాల్యం 96 చదరపు మీటర్లు. 300 లక్స్‌ను 96తో గుణిస్తే 28,800 ల్యూమెన్లు. ఇవి బల్లల ఎత్తున నిజంగా పడవలసినవి. దీపాలలోంచి బయలుదేరవలసినవి ఇంతకన్నా చాలా ఎక్కువ. ఎందుకంటే బయలుదేరిన కాంతిలో కొంత గోడలు తాగేస్తాయి, కొంత స్లాబు తాగేస్తుంది, కొంత దీపం మీది దుమ్ములోనే ఆగిపోతుంది. మొదటి రెండు నష్టాలు పోగా మిగిలే వాటాను వినియోగ గుణకం అనీ, మూడోది పోగా మిగిలే వాటాను నిర్వహణ గుణకం అనీ అంటాము. మొదటిదానికి 0.6, రెండోదానికి 0.8 వేసుకొని భాగిస్తే సరిగ్గా 60,000 ల్యూమెన్లు వస్తాయి. ట్యూబుకు 2,000 చొప్పున 30 ట్యూబులు. లెక్క ఇంతే. పుస్తకాలలో ఇది అరపేజీ కూడా పట్టదు. అసలు పనంతా ఆ 0.6, 0.8 ఎక్కడి నుంచి వచ్చాయన్న దాంట్లో ఉంది. చాలామంది వాటిని పక్కవాడి డ్రాయింగు నుంచి దించుకుంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాము.

వినియోగ గుణకం దీపానికి మాత్రమే చెందిన అంకె కాదు, ఆ దీపమూ ఆ గదీ కలిసి ఇచ్చే అంకె. గది ఆకారాన్ని చెప్పడానికి రూమ్ ఇండెక్స్ అనే సూచిక ఉంది. పొడవును వెడల్పుతో గుణించి, ఆ వచ్చినదాన్ని పొడవు వెడల్పుల మొత్తంతోనూ, బల్ల పైనుంచి దీపం దాకా ఉన్న ఎత్తుతోనూ భాగించాలి. మన గది స్లాబు 3.6 మీటర్ల ఎత్తున, బల్ల 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. దీపాలను స్లాబుకే బిగిస్తే మధ్య దూరం 2.85 మీటర్లు, సూచిక సుమారు 1.7. అవే దీపాలను 2.75 మీటర్ల ఎత్తుకు దించి వేలాడదీస్తే దూరం 2 మీటర్లవుతుంది, సూచిక 2.4కు పెరుగుతుంది. సూచిక పెరిగిందంటే కాంతి గోడలను తాకకుండా నేరుగా బల్లల మీదకు చేరే వాటా పెరిగిందని అర్థం. ఒక్క పైసా కరెంటు అదనంగా ఖర్చు కాకుండానే వెలుతురు పెరుగుతుంది.

దించడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మన వేడి ప్రాంతాలలో పుట్టే కారణం. ఈ గదిలో సీలింగ్ ఫ్యాన్ల రెక్కలు 2.9 మీటర్ల ఎత్తున తిరుగుతాయి. దీపం రెక్కలకు పైన ఉంటే ప్రతి రెక్కా కాంతిని కోస్తూ తిరుగుతుంది. పేజీ మీద నీడలు పరుగులు తీస్తాయి. ఇది ఏ సూత్రంలోనూ అంకెగా కనిపించదు, లక్స్ మీటరు కూడా సగటు చూపించి ఊరుకుంటుంది. కానీ ఆ బల్ల దగ్గర అరగంట కూర్చున్నవాడు లేచి వేరే బల్ల వెతుక్కుంటాడు. లైటింగ్ డ్రాయింగూ ఫ్యాన్ల డ్రాయింగూ వేరువేరు కాగితాల మీద, వేరువేరు మనుషులు గీసినంత కాలం ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది.

ఇక రంగులు. 0.6 అన్న అంకె, స్లాబు అడుగు తన మీద పడిన కాంతిలో 70 శాతం, గోడలు 50 శాతం, నేల 20 శాతం తిప్పి పంపుతాయన్న నమ్మకంతో దీపం తయారీదారు ఇచ్చిన పట్టికలోంచి తీసుకున్నది. తెల్లటి సున్నమో లేత రంగు డిస్టెంపరో వేసిన గది ఈ నమ్మకాన్ని నిలబెడుతుంది. కానీ మన పఠన మందిరంలో గోడల నిండా ముదురు గోధుమ రంగు బీరువాలు, వాటిలో ఏళ్ల తరబడి నలిగిన అట్టల పుస్తకాలు. అప్పుడు గోడ అంటే సున్నం కాదు, బీరువాయే గోడ. స్లాబు కూడా బూజు పట్టి నల్లబడితే గుణకం 0.48కి దిగవచ్చు. దీనికి తోడు దుమ్ము వల్ల నిర్వహణ గుణకం 0.65 అయితే, అవే 60,000 ల్యూమెన్లు బల్ల మీద 195 లక్స్ మాత్రమే ఇస్తాయి. ముప్పై ట్యూబులూ కొత్తవే, ముప్పైయూ వెలుగుతూనే ఉంటాయి, గది మాత్రం ప్రమాణంలోని ఒక మెట్టు పూర్తిగా దిగిపోతుంది. నా దృష్టిలో గోడకు వేసే రంగు కూడా లైటింగ్ సామగ్రి కిందికే వస్తుంది, దాని ఎంపిక దీపాల లెక్కకు ముందే జరగాలి.

మొదట చెప్పిన పాత గదికి ఇదే పద్ధతిని తిరగేసి వేసి చూడండి. ఎనిమిది ట్యూబులు, ఒక్కొక్కటి 2,450 ల్యూమెన్లు, గోడకు అంటుకొని ఉన్నందున గుణకం 0.45, దుమ్ముకు 0.65 అనుకుంటే సగటు 60 లక్స్ దగ్గరకు వస్తుంది. మీటరు చూపించిందీ దాదాపు అదే. ఆ గదిని కట్టినవారు ఈ అరపేజీ లెక్క వేసి ఉంటే, చీకటి ఎంత ఉండబోతోందో పునాది తీయకముందే తెలిసేది.

అయితే సగటును పూర్తిగా నమ్మకూడదు. ముప్పై ట్యూబులనూ మధ్యలో గుత్తిగా పెట్టినా సగటు ఇంచుమించు అదే వస్తుంది, మూలల్లో కూర్చున్నవారికి మాత్రం దీపం కింద చీకటి అన్న సామెత తిరగబడి దీపానికి దూరంగా చీకటి అవుతుంది. అందుకే పొడవు వెంట ఆరు, వెడల్పు వెంట ఐదు వరుసలుగా పంచుతాము. పొడవు వైపు దీపానికీ దీపానికీ 2 మీటర్లు, వెడల్పు వైపు 1.6 మీటర్లు, గోడకు అందులో సగం. ఎత్తు 2 మీటర్లు కాబట్టి ఎడం ఎత్తును మించలేదు, వెలుతురు మచ్చలు మచ్చలుగా పడదు.

ఒక్కో బిందువు దగ్గర ఎంత పడుతుందో తెలియాలంటే వేరే సూత్రం ఉంది. దీపం ఆ దిశలో పంపే తీవ్రతను క్యాండెలాలలో తీసుకొని దూరం వర్గంతో భాగించాలి, వాలుగా పడితే ఆ కోణం కొసైన్‌తో గుణించాలి. 400 క్యాండెలాల దీపం సరిగ్గా 2 మీటర్ల కింద 100 లక్స్ ఇస్తుంది. అక్కడి నుంచి 2 మీటర్లు పక్కకు జరిగితే, ఆ వైపు కూడా తీవ్రత అంతే ఉందనుకున్నా, 35 లక్స్ మాత్రమే దక్కుతుంది. దూరం పెరిగినందుకు సగమైంది, వాలుగా పడినందుకు ఆ సగంలోనూ కోత పడింది. బీరువాలో అడుగు అరలోని పుస్తకాల పేర్లు కనబడకపోవడానికి కారణం ఇదే. మన 300 లక్స్ అంతా అడ్డంగా ఉన్న బల్లకు వేసిన లెక్క, నిలువుగా ఉన్న పుస్తకం వెన్నుకు కాదు. బీరువాల మధ్య నడవలకు విడిగా ఒక వరుస దీపాలు వేయక తప్పదు.

పెద్దవారి సంగతి వేరే చెప్పాలి. అరవై ఏళ్ల కంటిలో రెటీనా దాకా చేరే కాంతి ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు ఉంటుంది. వారి కోసం గది మొత్తాన్ని 500 లక్స్‌కు తీసుకెళితే 50 ట్యూబులు కావాలి, అది దండగ. దినపత్రికల బల్లలను కిటికీల పక్కకు జరపడం మేలు. మన దేశంలో పగటి వెలుతురు లెక్కకు బయటి ఆకాశం 8,000 లక్స్ ఇస్తుందని తీసుకుంటారు; అందులో ఎన్ని శాతం లోపలికి చేరిందో చెప్పేదే డేలైట్ ఫ్యాక్టర్. ఒక శాతం అంటే 80 లక్స్. కిటికీ పక్కన నాలుగు శాతం వచ్చిందంటే 320 లక్స్, పైసా ఖర్చు లేకుండా. అయితే ఆ వరుస దీపాలకు విడిగా స్విచ్ ఉండాలి. ఒకే స్విచ్‌కు అన్ని వరుసలూ కలిపితే లోపలి మూల కోసం పగలంతా కిటికీ దగ్గర దీపాలు కూడా వెలుగుతాయి.

ఇంత చేసినా 30 ట్యూబులు 600 వాట్లు, చదరపు మీటరుకు 6.25 వాట్లు. పాత ట్యూబులతో ఇదే వెలుతురు కావాలంటే పాతిక ట్యూబులు, చోక్‌తో కలిపి సుమారు 1,250 వాట్లు పట్టేవి.

పని పూర్తయ్యాక కొలవాలి, అదీ రాత్రి పూట, కిటికీల నుంచి వెలుతురు రాని వేళ. రూమ్ ఇండెక్స్ 2కూ 3కూ మధ్య ఉన్న గదిలో కనీసం 16 చోట్ల కొలవాలి. గదిని 3 మీటర్లు, 2 మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడి మధ్యలో బల్ల ఎత్తున మీటరు పెట్టి, మీ నీడ దాని మీద పడకుండా పక్కకు తప్పుకోవాలి. ఫోనులోని యాప్ ఈ పనికి పనికిరాదు; వాలుగా వచ్చే కాంతిని అది సరిగా లెక్కగట్టదు. కొత్తలో దుమ్ము ఉండదు కాబట్టి 375 లక్స్ దాకా కనిపించాలి. 300 కనిపిస్తే లెక్క కుదిరిందని సంతోషించకండి, ఏడాది తిరిగేసరికి అది 240కి దిగుతుంది.

ఇక 0.8 అనే ఆ రెండో అంకె సంగతి. దాన్ని కాగితం మీద రాసినప్పుడు, ఎవరో ఒకరు ఆరు నెలలకొకసారి నిచ్చెన వేసుకొని ముప్పై దీపాలనూ తుడుస్తారని మనం మాట ఇచ్చినట్టు. నేను ఆ పఠన మందిరానికి కొత్త డ్రాయింగు ఇచ్చినప్పుడు అక్కడి స్వీపరు ఒకే ప్రశ్న అడిగింది: "బల్లల మధ్యన నిచ్చెన ఎక్కడ నిలబెట్టాలయ్యా?" అప్పటికి నా డ్రాయింగులో బల్లల వరుసలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. రెండు వరుసలను విడదీసి, దీపాల సరసన నిచ్చెన పట్టేంత దారి వదిలాక, మిగిలిన లెక్కంతా మళ్లీ మొదటి నుంచి వేశాను.