స్నానానికి వెళ్లిన స్టాన్లీ

శ్రోతలకు నమస్కారం. భయపెట్టే నవలలో జ్ఞాపకం చేసే పని గురించి మాట్లాడాలి. సమయం తక్కువ. అందుకని ఒక్క నవల, అందులోనూ ఒక్క ఫోను గురించే చెబుతాను.

నవల పేరు ‘ఇట్’. స్టీఫెన్ కింగ్ రాశారు, 1986లో వచ్చింది. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. అమెరికాలో డెర్రీ అనే కల్పిత పట్టణం. 1958 వేసవిలో ఏడుగురు పిల్లలు అక్కడి దుష్టశక్తిని ఎదిరిస్తారు. 1985లో, వాళ్లు నడివయసుకు వచ్చాక, అది మళ్లీ మేలుకుంటుంది. కథ ఈ రెండు కాలాల మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఏడుగురూ పెద్దవాళ్లయ్యారని మొదట్లోనే తెలిసిపోయింది కదా! అంటే ఆ వేసవిలో వాళ్లెవరూ చనిపోలేదు. మరి ఇంకేం భయం?

ఆరుగురు ఊరు విడిచి వెళ్లారు, ఆ వేసవిని మరిచిపోయారు. మరిచిపోయామన్న సంగతి కూడా మరిచిపోయారు. మైక్ ఒక్కడే అక్కడే ఉండి, లైబ్రేరియన్ అయ్యాడు. అతనికి అన్నీ గుర్తున్నాయి. ఆ శక్తి మళ్లీ మేలుకుందని ఒక్కొక్కరికీ ఫోను చేస్తాడు. వాళ్లలో రిచీ రేడియోలో పనిచేస్తాడు, రకరకాల గొంతులతో మాట్లాడతాడు. మా రేడియో జాతివాడు కాబట్టి అతనంటే నాకు కొంచెం పక్షపాతం. కానీ చెప్పవలసింది స్టాన్లీ గురించి.

స్టాన్లీ అట్లాంటాలో అకౌంటెంట్. నెమ్మదస్తుడు. సాయంత్రం భార్య టీవీ చూస్తోంది. ఫోను మోగింది. అతను తగ్గు స్వరంతో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేశాడు. స్నానం చేస్తానన్నాడు. అది అతను స్నానం చేసే వేళ కాదు. భార్యకు వింతగా అనిపించింది, అయినా టీవీ చూస్తూ కూర్చుంది. కాసేపటికి మేడ మీదకు వెళ్లింది. తలుపు గడియ పడి ఉంది. పిలిచింది, పలుకు లేదు. లోపల కుళాయి నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు. తాళంచెవి తెచ్చి తలుపు తీసేసరికి స్టాన్లీ ప్రాణాలతో లేడు. ప్రాణం తీసుకున్నాడు.

ఎందుకు? ఆమెకు తెలియదు. మనకూ తెలియదు. అతనికి ఏదో గుర్తొచ్చింది, అంతే. పెళ్లాన్ని, ఇంటిని, ఇన్నేళ్ల బతుకును వదిలేసుకునేంతగా గుర్తొచ్చింది. ఆ క్షణం నుంచి 1958లోకి వెళ్లిన ప్రతిసారీ మనం పిల్లల ప్రాణాల కోసం భయపడం. స్టాన్లీకి గుర్తొచ్చింది ఇదేనా, ఇదేనా అని వెతుక్కుంటూ భయపడతాం.

ఇక వందల పేజీలు దాటాక, పుస్తకం చివర్లో, పిల్లలు ప్రమాణం చేస్తారు. అది మళ్లీ వస్తే మనమూ తిరిగి రావాలని. పగిలిన సీసా పెంకుతో అందరి అరచేతులూ గీసింది ఎవరో తెలుసా? స్టాన్లీ. రానివాడే ఆ ప్రమాణపు గాట్లు పెట్టాడు. కాలక్రమంలో చెప్పి ఉంటే ముందు ప్రమాణం, తర్వాత చావు. మాట తప్పిన మనిషి కథ అయ్యేది. తిరగేసి చెప్పడం వల్ల, ఆ పిల్లవాడు పెంకు పట్టుకోగానే మన గుండె జారుతుంది. అతని ముగింపు మనకు తెలుసు, అతనికి తెలియదు.

చివరి అధ్యాయాల్లో కింగ్ ఒక కాలంలో వాక్యం మొదలుపెట్టి మరో కాలంలో పూర్తి చేస్తారు. మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది. పదేపదే చేసేసరికి కొంచెం ఎక్కువైందనిపించింది నాకు.

కథలు రాసే శ్రోతలకు ఒక్క మాట. మన కథల్లో ‘అతని మనసు గతంలోకి పరుగుతీసింది’ అని రాస్తాం. రెండు పేజీల్లో గతమంతా చెప్పేసి, చల్లారిన కాఫీ దగ్గరికి తిరిగి వస్తాం. అడిగిన వెంటనే జవాబు ఇచ్చేశాక పాఠకుడికి భయపడే తీరిక ఎక్కడిది? ఈసారి ఆ రెండు పేజీలూ అక్కడి నుంచి తీసేయండి. పాత్ర ఉలిక్కిపడటం మాత్రం ఉంచండి. కారణాన్ని కథలో ఎంత దూరం జరపగలరో అంత దూరం జరిపి చూడండి. నమస్కారం.