రెండు రోజుల ఆమ్లం, రాళ్ల మీది పాకుడు

అందరికీ నమస్కారం.

వాగులో రాయి మీద కాలు పెడితే సర్రున జారుతుంది. జారేది రాయి కాదు, దాన్ని పట్టుకున్న పాకుడు. గోటితో గీరితే గోధుమ రంగు జిగురు వస్తుందా, అందులో ఎక్కువ భాగం డయాటమ్‌లే. ఇవి ఏకకణ జీవులు, సిలికాతో గూడు కట్టుకుంటాయి. వాగు నీరు రెండు మూడు రోజులు ఆమ్లంగా మారి మళ్లీ మామూలైపోతే వీటికి ఏమవుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం.

నీరు అలా ఎందుకు మారుతుంది? మామూలు రోజుల్లో వాగుకు చేరే నీరు నేల లోతుల్లోంచి, రాళ్ల మధ్యనుంచి ఊరి వస్తుంది. ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్‌ను వెంట తెచ్చుకుంటుంది. కుండపోత వాన పడితే నీరు పైపొర మట్టిని, కుళ్లిన ఆకుల్ని తడుపుతూ, వాటి ఆమ్లాన్ని మోసుకుంటూ నేరుగా వాగులోకి దిగుతుంది. మంచు ప్రాంతాల్లోనైతే చలికాలమంతా పేరుకున్న ఆమ్లం మొదట కరిగిన నీటిలోనే చాలావరకు వచ్చేస్తుంది. పీహెచ్ అంటే ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, అది ఒకటి తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. పీహెచ్ 6.5 నుంచి 5కి పడిందంటే చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ ఆమ్లత్వం 30 రెట్లకు పైగా పెరిగినట్టు.

నిజానికి పీహెచ్ ఊగిసలాట ఈ పాకుడుకు, అంటే రాళ్ల మీది నాచుకు, కొత్త కాదు. పగలు అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటే పీహెచ్ పెరుగుతుంది, రాత్రి శ్వాసతో తగ్గుతుంది. వాన తెచ్చే ఆమ్లంతో అసలు చిక్కు వేరే ఉంది. పీహెచ్ 5.5 కంటే కిందికి దిగే కొద్దీ మట్టిలోని అల్యూమినియం కరిగి నీటిలో కలుస్తుంది. నాచుకు అవసరమైన ఫాస్ఫేట్‌ను పట్టేసుకుంటుంది. అదే సమయంలో బైకార్బనేట్ తగ్గిపోతుంది కాబట్టి, దాని మీద ఆధారపడే జాతులకు కార్బన్ కరువవుతుంది.

అయినా పాకుడు వెంటనే ఊడిపోదు. జిగురు పొర అడుగున ఉన్న కణాలకు కొంత రక్షణ ఉంటుంది. లోపలికి చొరబడే ఆమ్లాన్ని బయటికి తోయడానికి కణం శక్తి ఖర్చు పెడుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. ఆమ్లాన్ని ఇష్టపడే యూనోషియా లాంటి డయాటమ్ జాతులు పైచేయి సాధించడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోగా నీరు బాగుపడితే పాత జాతులే మళ్లీ నిలదొక్కుకోవచ్చు. అందుకే ఒక్క దెబ్బ కంటే, కోలుకునేలోపే పడే రెండో దెబ్బ అంటే నాకు ఎక్కువ టెన్షన్.

మరో విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 1977లో నోరిస్ బ్రూక్ అనే వాగు నీటిని కావాలనే పీహెచ్ 4 దాకా ఆమ్లంగా మార్చి, నెలల పాటు అలాగే ఉంచారు. అక్కడ రాళ్ల మీద నాచు తగ్గలేదు, పెరిగింది! పురుగులు మాత్రం మొదట్లోనే పెద్ద సంఖ్యలో ప్రవాహంలో కొట్టుకుపోయాయి. నాచును మేసే పురుగులు తగ్గితే అది దట్టంగా పెరగడానికి వీలు దొరుకుతుంది. కాబట్టి పచ్చగా ఉన్న రాయిని చూసి వాగు క్షేమమని అనుకోకండి.

నమూనాలు తీసే విద్యార్థులకు ఒక మాట. డయాటమ్‌ల జాతిని గుర్తించడానికి ముందు గాఢ ఆమ్లంతో శుభ్రం చేస్తాం కదా, ఆ తర్వాత చచ్చిన గూడు, బతికిన గూడు ఒకేలా కనిపిస్తాయి. నిన్న చనిపోయినవి కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకని వాన వెలిసిన మూడో రోజు తెచ్చిన నమూనాను ముందు పచ్చిగానే మైక్రోస్కోప్ కింద పెట్టండి. గూటి లోపల బంగారు గోధుమ రంగు ఉన్నవెన్ని, ఖాళీవెన్ని అన్నది లెక్కపెట్టాకే శుభ్రం చేయడం మొదలుపెట్టండి.