పెద్ద టైర్లకు ఏ క్రౌన్-పినియన్? : ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: నమస్కారం. వాహనాల మరమ్మతులపై మీ సందేహాలకు సమాధానమివ్వడానికి సీనియర్ మెకానిక్ ఒకరు స్టూడియోలో ఉన్నారు. రాజోలు నుంచి ఫోను వచ్చింది. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మాకు కొబ్బరితోట, లంకలో అరటి ఉన్నాయి. ఏటిగట్టు దిగి ఇసుకలో పోవాలి కాబట్టి మా డీజిల్ జీపుకు 28 అంగుళాల టైర్లు తీయించి 32 అంగుళాలవి వేయించాను. అప్పటి నుంచి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేరుకు దిగక తప్పడం లేదు. ఐదో గేరు పేరుకే మిగిలింది. ఇరుసులో చక్రాలను తిప్పే గేర్ల జత, అదే క్రౌన్-పినియన్, మార్చమంటున్నారు. ఏ రేషియో మంచిదండీ?

నిపుణుడు: ఇప్పుడున్నది ఎంతో తెలుసునా అండీ?

శ్రోత: హౌసింగ్ విప్పి లెక్కపెట్టించానండి. పెద్ద గేరు క్రౌన్‌కు 41 పళ్లు, చిన్నది పినియన్‌కు 11.

నిపుణుడు: 41ని 11తో భాగిస్తే 3.73. ఇంజను శక్తిని ఇరుసుకు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. అదే రేషియో; అది పెరిగితే లాగుడు పెరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి హౌసింగ్ విప్పనక్కరలేదు. మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకరు లేని మామూలుది అయితే, గేరు న్యూట్రల్‌లో పెట్టి, మిగతా మూడు చక్రాలకూ గట్టిగా అడ్లు వేసి, వెనక చక్రం ఒక్కదాన్నే జాకీతో లేపి, హ్యాండ్‌బ్రేకు వదిలి, టైరు మీదా షాఫ్టు మీదా సుద్దతో గీతలు పెట్టుకుని, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో.

ఇక లెక్క. పాత రేషియోను కొత్త టైరు ఎత్తుతో గుణించి పాత టైరు ఎత్తుతో భాగిస్తే, మీకు 4.26 వస్తుంది. ఏమీ మార్చకుండా తిరుగుతున్నారు గనుక, ప్రస్తుతం మీ బండి 28 అంగుళాల టైర్ల మీద 3.26 రేషియో పెట్టుకున్నట్టు నడుస్తోంది. లాగుడులో ఎనిమిదో వంతు పోయింది. అయితే ఒక మాట చెప్పండి: ఇబ్బంది లంకలోనా, రోడ్డు మీదనా?

శ్రోత: లంకలో లో గేరు వేస్తే బాగానే పోతోందండి. రోడ్డు మీదే, అదీ కాయల లోడు ఉన్నప్పుడు.

నిపుణుడు: ఇసుకలో మాత్రమే ఇబ్బంది అని ఉంటే, లో గేరు వేసి, టైర్లలో గాలి కొంత తగ్గించుకుని పొమ్మనేవాణ్ణి, గేర్ల జోలికి వెళ్లవద్దనేవాణ్ణి. మీ సంగతి వేరు. మన లెక్కకు దగ్గరగా ఉన్న 4.27 సెట్టు వేయిస్తే పాత లాగుడు తిరిగి వస్తుంది. కానీ పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ, పైన లోడు ఉంది. అందుకని నేనైతే 4.56 వైపు మొగ్గుతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, నాలుగో గేరు డైరెక్టు, అంటే ఇంజను ఎంత తిరిగితే షాఫ్టు అంతే తిరిగేది అనుకుంటే, 4.27తో ఇంజను నిమిషానికి సుమారు 2,230 చుట్లు తిరుగుతుంది, 4.56తో 2,380. మన డెల్టాలో ఎక్కవలసిన ఎత్తులంటే వంతెనలే కదా, 4.88 దాకా పోవలసిన పని లేదు. పైగా రేషియో పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గి, అది చిన్నదై, బలం తగ్గుతుంది.

శ్రోత: వెనక ఇరుసుకు మాత్రమే మారిస్తే సరిపోదా అండీ?

నిపుణుడు: అస్సలు వద్దండి. ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ముందు ఇరుసు ఒక వేగం, వెనకది ఇంకో వేగం కోరుకుంటాయి; రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసో, షాఫ్టో విరిగిపోతుంది. రెండు సెట్లూ ఒకే రేషియోవి కొనాలి. కొన్ని ఇరుసులకు రేషియో ఒక హద్దు దాటితే క్రౌన్‌ను బిగించే లోపలి కేరియర్ కూడా మార్చాలి, కొనే ముందు అడగండి.

సెట్టు కన్నా బిగింపే ముఖ్యం. క్రౌన్ పళ్లకు రంగు పూసి, పినియన్‌తో కలిపి తిప్పితే, పళ్లు రాసుకున్నచోట రంగు చెరిగి గుర్తు పడుతుంది. ఆ గుర్తు పన్ను నడుమ పడాలి. పన్ను కొసకో, మొదలుకో జరిగితే, పినియన్ వెనక పెట్టే పలుచని రేకులు, అదే షిమ్ముల మందం మార్చి మళ్లీ పూయాలి, మళ్లీ తిప్పాలి. ఆ ఓపిక లేని చోట బిగించిన గేరు 60 దాటగానే ఊళ పెడుతుంది. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు వేయకుండా నడిపి ఆయిల్ మార్పించండి.

శ్రోత: రవాణా శాఖ వారు ఏమైనా అంటారా అండీ?

నిపుణుడు: అడగాల్సిన ప్రశ్నే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని నియంత్రిస్తుంది. మీ టైర్ల పరిమాణం సంగతి ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మీ సొంత అభిప్రాయం కూడా ఒకసారి చూసుకోండి: టైరు నాలుగంగుళాలు పెరిగితే ఇరుసు కింద ఎత్తు పెరిగేది రెండంగుళాలే. 30 అంగుళాలవి చాలనుకుంటే లెక్క 4.00 దగ్గరే ఆగేది, 3.73తోనే సర్దుకోగలిగేవారు.

శ్రోత: టైర్లకు డబ్బు పెట్టేశానండి, ఇక అవే ఉంచుతాను. 4.56 వేయిస్తే మీటరు సరిగ్గా చూపిస్తుందా?

నిపుణుడు: మీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తే, ఇప్పుడు మీకది 80 చూపిస్తున్నప్పుడు మీరు వెళుతున్నది 91. 4.56 పడ్డాక తిరగబడుతుంది: 80 చూపిస్తే అసలు వేగం సుమారు 75. అలా ఉంచేసినా ప్రమాదం లేదు. సరిచేయాలంటే కేబులు చివరి చిన్న గేరు మార్పించాలి.